నీటిలో మొలిచిన కాళ్లు

హిందీలో భాలూ అంటే ఎలుగుబంటి, బాసా అంటే నివాసం. జంషెడ్‌పూర్ నగరంలోని భాలుబాసా పేటకు ఆ పేరు పెట్టినవారి ఊహ ఏదైనప్పటికీ, ఉక్కు కర్మాగారం వెలసి, ఊరు పెరిగి, దూరప్రాంతాల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి స్థిరపడిన ఆ నగరంలో నేడు ఎలుగుబంటిని చూడగోరేవారు జంతు ప్రదర్శనశాలకో, దల్మా కొండల అడవులకో పోవలసిందే.

అలా పోయినవారు దాని పాదాలను కొంచెం శ్రద్ధగా గమనించడం మంచిది. ఎలుగుబంటి కుక్కవలె వేళ్లపైన, గుర్రంవలె గిట్టపైన నడవదు. మనిషివలె మడమ నేలకు ఆనించి నడుస్తుంది. తడిమట్టిలో పడిన దాని వెనుక పాదముద్ర చూసి ఎవరో మనిషి నడిచిపోయాడని భ్రమపడినా ఆశ్చర్యం లేదు. చర్మమూ కండా తొలగించి ముందరి కాలి ఎముకలను వరుసగా పేర్చి చూస్తే పోలిక మరింత స్పష్టమవుతుంది. భుజం నుంచి మోచేతి దాకా ఒకే ఎముక, మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు, అక్కడ చిన్న ఎముకల గుంపు, చివర అయిదు వేళ్లు. ఒకటి, రెండు, గుంపు, వేళ్లు. గబ్బిలం రెక్కలోనూ, తిమింగిలం తెడ్డులోనూ, తాబేలు కాలిలోనూ, ఈ పుటను తిప్పుతున్న పాఠకుని చేతిలోనూ ఉన్న లెక్క ఇదే. కొన్నిటిలో వేళ్లు తగ్గాయి, కొన్నిటిలో ఎముకలు అతుక్కుపోయాయి, పాములో కాళ్లే లోపించాయి. అయినప్పటికీ శాస్త్రజ్ఞులు వీటన్నిటినీ చతుష్పాదుల వంశంలోనే చేరుస్తారు.

ఈ ఏకసూత్రతను 1849లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ సవిస్తరంగా ప్రదర్శించాడు. అది సృష్టికర్త మనస్సులోని ఆదర్శ నమూనా అని ఆయన విశ్వాసం. పదేళ్లు తిరిగేసరికి డార్విన్ దానికి మరొక అర్థం చెప్పాడు: నమూనా ఒకటి కావడానికి కారణం మూలపురుషుడు ఒకడు కావడమే. అంతటితో ప్రశ్న ముగియలేదు, మొదలయింది. ఆ మూలపురుషుడు ఎవరు? నీటిలో హాయిగా ఈదే చేపకు కాళ్లతో పని ఏమి వచ్చింది?

ఈ ప్రశ్న జంషెడ్‌పూర్‌కు సంబంధం లేనిదని తోచవచ్చు. కాని ఆ నగరం పుట్టుకలోనే ఒక శిలాజ శాస్త్రజ్ఞుని హస్తం ఉంది. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని 1904లో జంషెడ్‌జీ టాటాకు లేఖ వ్రాసిన ప్రమథనాథ బోస్, తన శాస్త్రజీవితాన్ని ఇనుముతో ఆరంభించలేదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో భద్రపరచిన శివాలిక్ కొండల మాంసాహార జంతువుల శిలాజాలపై 1880లో ఆయన వ్యాసం ప్రకటించాడు. ఎముకలు చదవడం నేర్చిన కన్ను తరువాత రాళ్లలో ఇనుమును చదివింది. సాక్చి గ్రామం చెంత కర్మాగారం లేచింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం జరిగింది.

ఆ నగరం నిలిచిన సింగ్‌భూమ్ నేల చరిత్ర ఇంకా విచిత్రమైనది. అక్కడి అతిప్రాచీన ఇసుకరాళ్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఆ భూభాగం సుమారు 320 కోట్ల ఏళ్ల కిందటే సముద్రం నుంచి పైకి లేచిందని 2021లో ప్రకటించారు. భూగోళంపై తొట్టతొలిగా ఆరిన నేలల్లో అది ఒకటన్నమాట. అప్పటి నుంచి 280 కోట్ల ఏళ్లకు పైగా ఆ నేల మీద అడుగు మోపిన వెన్నెముక గల ప్రాణి ఒక్కటీ లేదు. నేల సిద్ధంగానే ఉంది. నడిచేవారే రాలేదు.

గ్రీన్‌లాండ్ మంచులో

వచ్చినవారి ఆనవాళ్లు మొదట దొరికింది భూమికి మరొక కొసన. 1931లో గున్నార్ సావె-సోడర్‌బర్గ్ అనే ఇరవై ఒక్క ఏళ్ల స్వీడిష్ యువకుడు తూర్పు గ్రీన్‌లాండ్ కొండలపై ఇక్తియోస్టెగా అనే జంతువు శిలాజాలను కనుగొన్నాడు. తోక చూస్తే చేప, కాళ్లు చూస్తే కప్ప జాతి. దాని వయస్సు 36 కోట్ల ఏళ్లకు పైమాటే. చేపకూ చతుష్పాదికీ నడుమ తెగిన లంకె దొరికిందని లోకం సంబరపడింది. పాపం, ఆ యువకుడు తన వెలికితీతకు పూర్తి వివరణ వ్రాయలేకపోయాడు. క్షయవ్యాధి ఆయనను ముప్ఫై ఎనిమిదో ఏట, 1948లో బలిగొన్నది. పని ఆయన సహచరుడు ఎరిక్ జార్విక్ చేతికి వచ్చింది. జార్విక్ ఎంత నిదానస్థుడంటే, ఆయన సమగ్ర గ్రంథం వెలువడేసరికి 1996వ సంవత్సరం వచ్చింది.

ఈ మధ్యకాలంలో పాఠ్యపుస్తకాలన్నీ ఒక కథ చెప్పుతూ వచ్చాయి. అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రోమర్ ప్రచారంలోకి తెచ్చిన ఆ కథ తెలుగు పల్లెలో పుట్టిపెరిగినవారికి సులువుగా బోధపడుతుంది. ఎండాకాలంలో చెరువు అడుగంటుతుంది. కొర్రమీను బురదలో దాగి, నోటితో గాలి పీలుస్తూ రోజులు వెళ్లదీస్తుంది. అలాగే పూర్వం చేపల మడుగులు ఎండిపోయేవి. గట్టి రెక్కలున్నవి ఎలాగో పాకి మరో మడుగు చేరి బ్రతికాయి, తక్కినవి చచ్చాయి. క్రమంగా రెక్కలే కాళ్లయ్యాయి. అంటే కాళ్లు పుట్టింది నీటిని విడిచిపోవడానికి కాదు, తిరిగి నీటిని చేరుకోవడానికి! చమత్కారమైన ఊహే. ఊహ చమత్కారంగా ఉన్నంత మాత్రాన సత్యం కావాలని లేదు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ క్లాక్ అనే శాస్త్రజ్ఞురాలికి అనుమానం తీరలేదు. 1970లో గ్రీన్‌లాండ్ వెళ్లివచ్చిన ఒక విద్యార్థి నోటుపుస్తకం ఆమె కంట పడింది. ఫలానా కొండమీద ఇక్తియోస్టెగా పుర్రెలు విరివిగా ఉన్నాయని అతడు అందులో వ్రాసుకున్నాడు. తెచ్చిన రాళ్లు విశ్వవిద్యాలయం సొరుగుల్లోనే ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. 1987లో ఆమె స్వయంగా బయలుదేరి ఆ కొండ చేరింది. దొరికింది ఇక్తియోస్టెగా కాదు, దాని దాయాది అకాంతోస్టెగా. తల మొదలు తోక దాకా చాలా వరకు చెక్కుచెదరలేదు. రాతిని సూదులతో కణం కణంగా తొలగిస్తూ పోగా ముందరి పాదం బయటపడింది. ఆమె సహచరుడు మైకేల్ కోట్స్‌తో కలిసి వేళ్లు లెక్కించారు. అయిదు కాదు, ఎనిమిది!

1990లో వెలువడిన ఆ లెక్క పాత కథను తలకిందులు చేసింది. ఆ ఎనిమిది వేళ్ల కాలికి సరైన మణికట్టు లేదు. ఒంటి బరువును నేలమీద మోయడం దానివల్ల కాని పని. మెడలో చేపకు ఉండే మొప్పల ఎముకలు అలాగే ఉన్నాయి. తోకకు ఈతకు పనికివచ్చే వెడల్పయిన రెక్క ఉంది. కాళ్లూ వేళ్లూ సమకూరిన ఈ ప్రాణి నీటిని విడిచి బ్రతికేది కాదు! నీటి మొక్కలు దట్టంగా పెరిగిన తీరాలలో, అడుగు కనబడని లోతు తక్కువ మడుగులలో తెడ్డు వేయడానికీ, కొమ్మలను నెట్టుకుంటూ పొంచి ఉండడానికీ ఆ కాళ్లు అక్కరకు వచ్చాయి. నడక తరువాతి మాట. పరిణామం ఒక పనికి చేసిన పనిముట్టును మరొక పనికి వాడుకున్నది. మనకు అయిదు వేళ్లు ఉండడంలో కూడా శాశ్వత నియమమేదీ లేదు. మొదట ఎనిమిదీ ఏడూ ఆరూ ఉన్నవారు కూడా ఉండేవారు, అయిదు వేళ్లవారు మిగిలారు. పది చొప్పున లెక్కపెట్టే మన గణితం అంతా ఆ మిగులుబాటు పుణ్యమే.

ఇక చేప వైపు నుంచి వెదికినవారి కథ. నీల్ షూబిన్, టెడ్ డేష్లర్ అనే అమెరికన్లు ఒక పాఠ్యపుస్తకంలోని పటంలో, కెనడాకు ఉత్తరాన ధ్రువ దీవులలో తగిన వయస్సు గల రాళ్లు ఉండడం గమనించారు. అక్కడ ఎవరూ శిలాజాలకై వెదకలేదు. 1999 మొదలు వేసవి యాత్రలు సాగాయి. ధ్రువపుటెలుగులు తిరిగే నేలలో తుపాకి దగ్గర పెట్టుకొని రాళ్లు పగులగొట్టడం, చేతులు ఊపుకుంటూ తిరిగిరావడం. డబ్బు అడుగంటింది. ఇదే ఆఖరు అనుకొని వెళ్లిన 2004 యాత్రలో, ఎల్స్‌మియర్ దీవిలోని రాతిలోంచి ఒక చప్పిడి ముట్టె బయటికి చూస్తూ కనిపించింది. స్థానిక ఇన్యుయిట్ పెద్దలు దానికి టిక్టాలిక్ అని పేరు పెట్టారు. వారి భాషలో అది మంచినీటి పెద్ద చేపకు పేరు. 37 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి ఈ ప్రాణికి పొలుసులున్నాయి, వాజాలున్నాయి. కాని వాజాల లోపల భుజపుటెముక, దాని కింద జంట ఎముకలు, ఆపై మణికట్టు వంటి కీళ్లు ఉన్నాయి. ఒకటి, రెండు, గుంపు. వేళ్లు మాత్రం లేవు. అంతకన్న ముఖ్యం, దానికి మెడ ఉంది. ఏ చేపా తల తిప్పి చూడలేదు, ఒళ్లంతా తిప్పాలి. టిక్టాలిక్ తల తిప్పగలిగింది.

అంతా సరిపోయిందనుకుంటూ ఉండగా 2010లో పోలండ్ నుంచి ఒక వార్త వచ్చింది. జహెల్మియె అనే చోట పాత రాతిగనిలో, 39 కోట్ల ఏళ్లకు పూర్వపు పాదముద్రలు కనుగొన్నామని అక్కడి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తండ్రికన్న కొడుకు ముందు పుట్టినట్లయింది. అవి చేపలు మేత మేసిన గుంటలని వాదించినవారున్నారు, వివాదం పూర్తిగా తీరలేదు. 2025లో ఆస్ట్రేలియా నుంచి మరొకటి. ఇద్దరు ఔత్సాహికులు కనిపెట్టిన ఒక రాతిపలకపై, దాదాపు 35 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి గోళ్ల గుర్తులున్నాయి. గోళ్లున్నది సరీసృపాల శాఖకు గనుక, ఆ శాఖ పుట్టుకను మూడున్నర నాలుగు కోట్ల ఏళ్లు వెనక్కి జరపవలసివచ్చింది. టిక్టాలిక్ మన ముత్తాత కాకపోవచ్చు. ముత్తాతకు పినతండ్రి కొడుకై, పాత ఇంటి అలవాట్లను చాలాకాలం నిలుపుకున్నవాడు కావచ్చు.

ఇక్కడ ఒక మాట. మత్స్యం, కూర్మం, వరాహం అని వరుసగా వచ్చే అవతారాలలో పరిణామ సిద్ధాంతం ఉన్నదని మన సభలలో తరచు వినవస్తుంది. వినడానికి బాగుంటుంది గాని, తాబేలు మన పూర్వీకుడు కాదు, అది మరొక శాఖ. పురాణాన్ని పురాణంగా, రాతిని రాతిగా చదవడమే రెండింటికీ గౌరవం.

మన రాళ్లు చెప్పే సంగతి

భారతదేశంలో ఇక్తియోస్టెగా వంటిది దొరకలేదు. తరువాతి అధ్యాయాలు మాత్రం మన నేలలోనే పుష్కలంగా ఉన్నాయి. జంషెడ్‌పూర్‌కు ఉత్తరంగా, దామోదర్ నది పరివాహకంలోని రాణిగంజ్ బొగ్గుగనుల ప్రాంతంలో పాంచెట్ అనే పేరుగల శిలలున్నాయి. వాటిలో దొరికిన ఎముకలను డార్విన్ మిత్రుడు హక్స్‌లీ పరిశీలించి 1865లో వర్ణించాడు. పొడుగు ముక్కు ఉభయచరాలతోపాటు, రెండు కోరలూ ముక్కువంటి మూతీ గల పందిపాటి జంతువొకటి వాటిలో ఉంది. దానిని నేడు లిస్ట్రోసారస్ అంటున్నారు. 25 కోట్ల ఏళ్ల కిందట జీవజాతులలో అధికభాగం తుడిచిపెట్టుకుపోయిన మహావినాశంలో బ్రతికి బయటపడ్డ కొద్దిమందిలో అది ఒకటి. 1969లో అదే జంతువు అంటార్కిటికా మంచుకొండల్లో దొరికినప్పుడు, ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవన్న వాదానికి ఎదురు చెప్పడం కష్టమైపోయింది. అంత సముద్రాన్ని ఈదగల జంతువు కాదది.

తెలుగు దేశపు శిలాజాల గని ప్రాణహిత-గోదావరి లోయ. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో మహలనోబిస్ ప్రోత్సాహంతో, లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్ మార్గదర్శకత్వంలో 1957 ప్రాంతాల భూగర్భ పరిశోధన మొదలయింది. లెక్కల సంస్థకు ఎముకలతో ఏమి పని అని ఆనాడు అడిగినవారు లేకపోలేదు. ఆదిలాబాదు ఉమ్మడి జిల్లాలోని మలేరి పరిసరాల ఎర్రమట్టిలో 22 కోట్ల ఏళ్ల నాటి నదీతీరమొకటి బయటపడింది. చప్పిడి పళ్లెంవంటి తలపై కళ్లు పెట్టుకొని నీటి అడుగున పొంచి ఉండే భారీ ఉభయచరం, మొసలిని పోలిన పారాసూకస్ అక్కడ నివసించేవి. రెండు పారాసూకస్‌ల అస్థిపంజరాల పొట్టలలో వాటి కడపటి భోజనం అలాగే ఉన్నది. తినబడిన బల్లివంటి సరీసృపానికి మలేరిసారస్ రాబిన్సనె అని పేరు పెట్టి ఆ విదుషిని గౌరవించారు. గోదావరి లోయ రాక్షసిబల్లులు బరాపాసారస్, కోటాసారస్ అందరూ ఎరిగినవే. ఒకటి కలకత్తాలో, రెండవది హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబడి ఉన్నాయి.

నేలకు వచ్చినవారందరూ నేలమీదే ఉండిపోలేదు. జమ్మూ ప్రాంతపు కాలాకోట్‌లో ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు సేకరించిన శిలాజాలలో, ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టల జంతువును ఆయన 1971లో ప్రకటించాడు. పగులగొట్టని రాళ్లు ఎన్నో మిగిలి ఉండగానే ఆయన మరణించాడు. ఆయన భార్య వాటిని డెహ్రాడూన్‌లో ఏళ్ల తరబడి కాపాడి, చివరకు హాన్స్ టెవిసెన్ అనే శాస్త్రజ్ఞునికి అప్పగించింది. ఆయన ప్రయోగశాలలో ఒక పుర్రె పొరపాటున విరిగింది. విరిగిన చోట కనిపించిన చెవి ఎముక జింకది కాదు, తిమింగిలానిది! కాళ్లు సంపాదించుకోవడానికి కోట్ల ఏళ్లు పట్టిన వంశంలో ఒక శాఖ, వాటిని వదులుకొని మళ్లీ సముద్రం పాలయింది. ఆ తిరుగు ప్రయాణపు తొలి మజిలీకి సాక్ష్యం 2007లో అలా లోకానికి అందింది.

మలేడి పళ్లు

చివరకు అన్నిటికన్న చిన్న శిలాజం మిగిలింది. నాగపూరులో మతప్రచారకుడుగా పనిచేసిన స్టీఫెన్ హిస్లాప్‌కు రాళ్ల పిచ్చి. ఆయనా, సహచరుడు రాబర్ట్ హంటరూ మధ్య భారతంలో శిలాజాలను ప్రోగుచేశారు. మలేరినే ఆనాడు మలేడి అని వ్రాసేవారు. అప్పటి నిజాం రాజ్యంలోని ఆ గ్రామం వద్ద విచిత్రమైన పళ్లు దొరికాయి. ఒక్కొక్కటి కోడిజుట్టువలె గట్లు గట్లుగా ఉంటుంది. భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డమ్ వాటిని 1859లో వర్ణించాడు. అవి సెరటోడస్ అనే చేప పళ్లు. ఆ పేరుకు కొమ్ముపన్ను అని అర్థం. ఆయన గుర్తించిన జాతులలో ఒకదానికి హిస్లాప్ పేరు, ఒకదానికి హంటర్ పేరు పెట్టి, మూడవదానికి వీరప అన్న మాట తగిలించాడు. లాటినూ గ్రీకూ కాని ఆ మాట తెలుగు చెవికి పరాయిది కాదు. హిస్లాప్ 1863లో ఒక రాత్రి వాగు దాటుతూ మునిగి చనిపోయాడు.

సెరటోడస్ అంతరించిపోయిందని అప్పటికి లోకం నమ్మకం. 1870లో సిడ్నీ మ్యూజియం అధికారి గెరార్డ్ క్రెఫ్ట్ వద్దకు విలియం ఫారస్టర్ అనే భూస్వామి ఒక చేపను చేర్చాడు. క్వీన్స్‌లాండ్ నదులలో ఇటువంటిది ఉందనీ, వలసవాసులు వండుకొని తింటారనీ ఆయన లోగడ చెబితే క్రెఫ్ట్ నమ్మలేదు. ఇప్పుడు నోరు తెరిచి చూశాడు. కోడిజుట్టు పళ్లు! రాతిలో మాత్రమే ఉండవలసిన పళ్లు తడిగా ఎదుట ఉన్నాయి. క్రెఫ్ట్ ఆ వార్తను పండితుల పత్రికలో గాక సిడ్నీ దినపత్రికలో ప్రకటించాడు. నాలుగేళ్లకు ఆయన తన అధికారులతో తగవుపడగా, కూర్చున్న కుర్చీతో సహా మ్యూజియం నుంచి మోసుకుపోయి బయట పెట్టారు. చేప మాత్రం శాస్త్రంలో నిలిచింది.

దానికి మొప్పలతోపాటు ఒక ఊపిరితిత్తి ఉంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలి పీలుస్తుంది. కొర్రమీనూ, మడ అడవుల బురదలో గెంతే చేపా గాలి పీలుస్తాయి గాని, అవి వేరే శాఖలో వేరుగా నేర్చిన విద్య. ఊపిరితిత్తుల చేప వంశం మనది. 1938లో దక్షిణాఫ్రికా తీరాన సీలకాంత్ అనే చేప సజీవంగా దొరికినప్పుడు, చతుష్పాదులకు అదే అతి దగ్గరి బంధువని చాలామంది తలచారు. జన్యువులు చదివిన తరువాత ఆ గౌరవం ఊపిరితిత్తుల చేపకే దక్కింది. 2021లో చదివిన ఆస్ట్రేలియా చేప జన్యురాశిలో 4,300 కోట్ల అక్షరాలున్నాయి. మనిషి జన్యురాశికి అది పద్నాలుగు రెట్లు.

మలేడి మడుగులలో ఈదిన ఆ కుటుంబంలో ఈ ఒక్క జాతికి సహజంగా మిగిలిన నెలవులు క్వీన్స్‌లాండ్‌లోని బర్నెట్, మేరీ నదులు. నాచు పెరిగే లోతు తక్కువ నీళ్లలోనే అది గుడ్లు పెడుతుంది. ఆనకట్ట కడితే ఆ చోట్లు మునిగిపోతాయి. బర్నెట్ నదిపై 2005లో పారడైజ్ ఆనకట్ట పూర్తయింది. మరుసటి ఏడు మేరీ నదిపై కూడా ఒకటి కట్టబోతున్నామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పొలాలు పోగొట్టుకోబోయే రైతులూ, చేప కోసం శాస్త్రజ్ఞులూ ఒక్కటై మూడేళ్లకు పైగా పోరాడారు. 2009లో కేంద్రమంత్రి పీటర్ గారెట్ ఆ పథకాన్ని తిరస్కరించాడు. అయినా చిక్కు తీరలేదు. ఈ చేపకు ఆయుర్దాయం ఎక్కువ. నదిలో పెద్ద చేపలు కనిపిస్తూనే ఉంటాయి, పిల్లలు పుట్టడం మానుకున్న సంగతి తెలియడానికి ఒక తరం పడుతుంది.

ఎంత ఆయుర్దాయమో రెండు అక్వేరియంలు చెప్పగలవు. చికాగోలో 1933లో అడుగుపెట్టిన ఒక చేప, అక్కడివారు తాతయ్య అని పిలుచుకునేది, 2017లో మరణించింది. 1938లో శాన్ ఫ్రాన్సిస్కో చేరిన మరొకదాని వయస్సు తొంబై ఏళ్ల పైచిలుకని 2023లో జన్యుపరీక్ష ద్వారా అంచనా వేశారు. దానికి అత్తిపండ్లంటే ఇష్టం. అయితే పండు తాజాగా ఉండాలి, నిలవ పెట్టినది ముట్టదు.